సీలు విప్పిన వాళ్ల మాట

గత వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులమంతా తలా కొంత వేసుకుని హాస్టల్‌కు ఏదో ఒకటి ఇవ్వాలనుకున్నాం. కొందరు పెద్ద టీవీ అన్నారు, కొందరు నీళ్ల ఫిల్టరు అన్నారు. చివరికి ఫిల్టరే కొన్నారు. మంచి పనే, ఆదివారాలు వచ్చినప్పుడు మేమూ ఆ నీళ్లే తాగుతున్నాం. అయితే మాలో ఐదుగురం విడిగా ఏడు వేల చిల్లర పెట్టి ఒక సిగ్నల్ జనరేటరు కూడా కొన్నాం. తెచ్చిన రెండో ఆదివారమే దాని సీలు చించి మూత విప్పాం. ఆ రోజు నుంచి మా మీద మాటలు మొదలయ్యాయి. "కొత్త సామాన్ను గప్పుడే ఖరాబు చేసిండ్రు", "వారంటీ పోగొట్టిండ్రు", "పోరగాళ్లకు చెడగొట్టుడు నేర్పుతున్నరు" అని. అన్నవాళ్లు మాకు పరాయివాళ్లు కారు, ఒకే పళ్లెంలో తిన్న అన్నలే. సంచికలో మాకు కొంత చోటు ఇచ్చారు గనుక మా మాట కూడా చెప్పుకుంటాం.

ఈ వస్తువు పనేమిటో తెలియని తమ్ముళ్లు ఉంటారు. మనకు కావలసినంత వేగంతో, కావలసినంత ఎత్తుతో విద్యుత్ తరంగాన్ని పుట్టించి ఇచ్చే పెట్టె ఇది. రేడియో బాగుచేయాలన్నా, యాంప్లిఫయరు పరీక్షించాలన్నా, మనం కట్టిన సర్క్యూట్ పనిచేస్తుందో లేదో చూడాలన్నా ఒక పక్క నుంచి తెలిసిన తరంగం పంపి, రెండో పక్క ఏమొస్తుందో ఆసిలోస్కోపులో చూడాలి. ఇప్పటి చౌక పెట్టెల్లో తరంగం ఆకారం అంకెల పట్టికగా ఉంటుంది. లోపలి గడియారం కొట్టిన ప్రతిసారీ ఒక అంకె వోల్టేజిగా మారుతుంది. అది ఫిల్టరులో నునుపై, చివరి యాంప్లిఫయరు గుండా బయటి సాకెట్టుకు వస్తుంది. దీన్నే డీడీఎస్ పద్ధతి అంటారు.

అగ్గువ పెట్టె అని చిన్నచూపు చూసేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. అమెరికాలో హ్యూలెట్, ప్యాకార్డ్ అనే ఇద్దరు మిత్రులు 1939లో కంపెనీ పెట్టినప్పుడు వాళ్ల మొదటి సరుకు సిగ్నల్ జనరేటరే. 200ఏ అనే ఆడియో ఆసిలేటరు. తరంగం ఎత్తు నిలకడగా ఉండటానికి ఖరీదైన ఏర్పాటు మానేసి, ఒక మామూలు చిన్న బల్బును సర్క్యూట్‌లో పెట్టారు. కరెంటు పెరిగితే బల్బు తీగ వేడెక్కి నిరోధం పెంచుతుంది, తరంగం తనంతట తానే సర్దుకుంటుంది. అప్పటి ఇతర కంపెనీల ఆసిలేటర్లు 200 డాలర్లు దాటుతుంటే వాళ్లు 54 డాలర్ల 40 సెంట్లకు అమ్మారు. మన ఊళ్లో 1967లో ఈసీఐఎల్‌ను నిలబెట్టిన ఏ.ఎస్.రావు గారి పేరు ఇవాళ బస్సు బోర్డు మీద కాలనీ పేరుగా మాత్రమే మన పిల్లలకు తెలుసు. వీళ్లెవరూ సీలు చూసి దండం పెట్టుకుని కూర్చున్నవాళ్లు కారు.

ఇక అసలు విషయం. మేం చదువుకున్న రోజుల్లో పరికరాలు బీరువాలో ఉండేవి, బీరువా తాళం అటెండరు దగ్గర ఉండేది, అటెండరు సెలవులో ఉండేవాడు. బయటికి వచ్చిన రోజు కూడా ఇరవై మందికి ఒకటి. ముందు వరుసలో ఇంటి దగ్గర కంప్యూటర్ ఉన్న పిల్లలు, వెనక మేము. ఏదైనా పోతే డబ్బు కట్టాలి, కట్టకపోతే హాల్ టికెట్టు ఆగుతుంది అని ముందే హెచ్చరించేవాళ్లు. ఇంటికి ఉత్తరం రాసి డబ్బు అడగలేనివాడు నాబు ముట్టుకుంటాడా? రీడింగులు ఎవరో తీసేవాళ్లు, మేం రాసుకునేవాళ్లం. నిజం ఒప్పుకోవాలి, చాలాసార్లు సీనియర్ల రికార్డుల నుంచి ఎత్తి రాశాం. గ్రాఫు కాగితం మీద మా వంపు ఎంత అందంగా వచ్చేదంటే ఏ పరికరమూ అంత అందంగా పనిచేయదు. మాలో ఇద్దరం అలాగే ఫస్ట్ క్లాసులో పాసయ్యాం. మొదటి ఉద్యోగంలో స్కోపు ప్రోబు మీద ఉన్న చిన్న మీట దేనికో తెలియక తలదించుకున్నాం.

అందుకే ఈ పెట్టెను పాడైపోయినా సరే అనుకుని కొన్నాం. పాడుచేసే హక్కుతో సహా ఇవ్వాలనుకున్నాం. బాబాసాహెబ్ ఫొటో కింద స్టడీ హాల్ బల్ల మీద పెట్టాం. ఎవరైనా ముట్టుకోవచ్చు, పోతే పైసా కట్టనక్కరలేదు అని కాగితం అంటించాం. మొదటి వారం ఎవరూ ముట్టుకోలేదు. అలవాటు అలాంటిది. రెండో వారం పాలిటెక్నిక్ చదివే ఒక తమ్ముడు వచ్చి, "అన్నా, సాకెట్టు ముట్టుకుంటే జుమ్మంటుంది" అన్నాడు. విప్పడానికి కారణం అదే.

జుమ్మనడం నిజమే. మల్టీమీటరు పెడితే సాకెట్టు పైలోహానికీ నేలకూ మధ్య వంద వోల్టులకు పైగా చూపింది. ఈ రకం పెట్టెల్లో చౌక ఎస్‌ఎంపీఎస్ ఉంటుంది. అందులో కరెంటు వైపునూ బయటి వైపునూ కలుపుతూ వై కెపాసిటర్లని చిన్నవి ఉంటాయి. వైరు రెండు పిన్నులదైతే ఎర్త్ ఉండదు కాబట్టి బయటి లోహం మొత్తం 230లో దాదాపు సగం దగ్గర వేలాడుతుంది. కరెంటు బహు తక్కువ, మనిషికి జుమ్మనడం తప్ప ఏమీ కాదు గానీ నాజూకు ట్రాన్సిస్టరును ఒక్క తాకుతో చంపేస్తుంది. మందు సులువే. మూడు పిన్నుల సాకెట్టు బిగించి, ఎర్త్ తీగను లోపలి కామన్‌కు కలపాలి. కలిపాం. జుమ్మనడం ఆగలేదు!

పెట్టెను మళ్లీ విప్పి గంటసేపు వెతికాం. తప్పు పెట్టెలో లేదు. గోడలోని మూడో రంధ్రం వెనక తీగే లేదు. ఆ గదిలోనే కాదు, ఆ వరుస గదులన్నిటిలోనూ లేదు. ఎన్నేళ్లుగా ఇస్త్రీ పెట్టె షాకు కొడుతుందని, నీళ్ల మోటారు దగ్గర చెప్పుల్లేకుండా పోవద్దని మనం చెప్పుకుంటూ వచ్చామో గుర్తు తెచ్చుకోండి. మాలో ఎలక్ట్రీషియన్ అన్న ఒకాయన ఉన్నాడు. వార్డెన్ సారు అనుమతితో మరుసటి ఆదివారం గొయ్యి తవ్వి, జీఐ పైపు దించి, బొగ్గు, ఉప్పు వేసి, ఆ వరుసకంతా ఎర్తింగ్ లాగాడు. సీలు విప్పకపోయి ఉంటే ఇది జరిగేదా అని విమర్శించిన అన్నలను అడుగుతున్నాం.

ఒక హెచ్చరిక మాత్రం ఇక్కడే చెప్పాలి. ఎస్‌ఎంపీఎస్ ఉన్న మూతను పిల్లలు ఒంటరిగా తీయకూడదు. ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటరులో 325 వోల్టుల దాకా నిలవ ఉండవచ్చు. రెసిస్టరుతో ఖాళీ చేసి, మీటరుతో చూసుకుని అప్పుడే చెయ్యి పెట్టాలి. మా దగ్గర ఆ పని పెద్దవాళ్లే చేశారు.

ఇక హద్దులు దాటించిన కథ. మేం కొన్నది 30 మెగాహెర్ట్జ్ రకం. అదే బోర్డుతో 60 రకం కూడా అమ్ముతారు, తేడా లోపలి సెట్టింగులోనే. మార్చాం, 60 అని అంకె వచ్చింది. అంకె రావడం వేరు, తరంగం రావడం వేరు. పెట్టె మీద 20 వోల్టులని గొప్పగా రాసి ఉంది. అది లోడు లేనప్పటి మాట. 50 ఓముల లోడు పెడితే సగమవుతుంది. పైగా వేగం పెరిగే కొద్దీ చివరి యాంప్లిఫయరు అంత త్వరగా కిందికీ పైకీ పరుగెత్తలేదు. 20 వోల్టుల తరంగం 10 మెగాహెర్ట్జ్ దగ్గర నిలవాలంటే మైక్రోసెకనుకు 628 వోల్టుల వేగం కావాలి. చాలీచాలని చిప్పు ఉంటే గుండ్రని సైను తరంగం త్రిభుజంలా మారిపోతుంది. స్కోపులో ఆ మార్పు చూసిన రోజున, పుస్తకంలో స్లూ రేట్ అనే మాటను బట్టీపట్టిన పిల్లవాడు "గిదేనా అన్నా అది" అన్నాడు.

ఆ చిప్పు మార్చి వేగమైనది వేశాం. కోఠి గుజరాతీ గల్లీలో రెండు దుకాణాలు తిరిగి తెచ్చాం. జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లు బాగుచేసే మన పూర్వ విద్యార్థి వచ్చి అతికించాడు. మొదటిది అరగంటలో కాలిపోయింది. పూర్తి వోల్టేజి మీద అవుట్‌పుట్ షార్టయింది, పైన వేడి లాగే అల్యూమినియం రేకు కూడా పెట్టలేదు. తప్పు మాదే. రెండోదానికి రేకు పెట్టాం, అది ఇప్పటికీ పనిచేస్తోంది. కాలిపోయిన చిప్పును పారేయలేదు, అదే బల్ల మీద సీసాలో ఉంది.

మాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఒక కేబులు. జనరేటరు దగ్గరే టీ కనెక్టరు పెట్టి ఒక కొమ్మను స్కోపుకు కలిపాం. రెండో కొమ్మకు మీటరు పొడవు కేబులు, దాని చివర ఏమీ లేదు. వేగం పెంచుకుంటూ పోతే తరంగం తగ్గుతూ తగ్గుతూ 50 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు మాయమైపోయింది. "గీ డబ్బా 50 దాటదు" అని తీర్మానించి పడుకున్నాం. వారం తరువాత ఎవరో ఆ కేబులు పీకితే తరంగం తిరిగి వచ్చింది! ఆ కేబులులో విద్యుత్ తరంగం కాంతి వేగంలో మూడింట రెండు వంతుల వేగంతో పోతుంది. 50 మెగాహెర్ట్జ్ దగ్గర దాని పొడవు నాలుగు మీటర్లు, మా కేబులు సరిగ్గా అందులో నాలుగో వంతు. చివర తెరిచి ఉన్న అలాంటి ముక్క మొదటి చివర షార్టు లాగా కనిపిస్తుంది. పెట్టెకు వేసిన నింద కేబులుది. స్కోపు సంగతీ అంతే. మాది 100 మెగాహెర్ట్జ్ స్కోపు, 60 దగ్గర అది తనవంతుగా నూటికి పద్నాలుగు పాళ్ల దాకా తక్కువ చూపవచ్చు. ప్రోబు మీది మీట ఒకటి రెట్టు దగ్గర ఉంటే ఆరేడు మెగాహెర్ట్జ్ దాటగానే సగానికి సగం నమ్మకం పోతుంది. (తలదించుకున్న మీట ఇదే.) తక్కువ వచ్చిన ప్రతిచోటా తక్కువ ఎవరిదని ముందు తేల్చాలి. కొలిచేవాడి తప్పును కొలవబడినవాడి మీద రాయడం మనం బడిలో చాలా చూశాం.

హద్దు దాటడం పేదవాళ్ల అత్యాశ అనుకునేవాళ్లకు మరో ఉదాహరణ. రైగోల్ అనే చైనా కంపెనీ డీఎస్1052ఇ అనే స్కోపును 50 మెగాహెర్ట్జ్ రకంగా అమ్మింది. దాన్నే సాఫ్ట్‌వేర్ మార్పుతో 100 రకం చేయవచ్చని 2010 నాటికి ప్రపంచమంతా తెలిసిపోయింది. విప్పి చూసినవాళ్లు ఇంకొకటి కూడా కనిపెట్టారు. 40 మెగా శాంపిళ్లకు రేటింగు ఉన్న చిప్పులను కంపెనీయే 100 దగ్గర నడుపుతోందని. రేటింగు అంటే తయారుచేసినవాడు ఇచ్చే మాట. అది దాటితే ఏమవుతుందో చెప్పే బాధ్యత దాటించినవాడిది. ఆ బాధ్యత తీసుకుంటేనే విప్పాలి, అదొక్కటే మా షరతు.

ఆ బాధ్యత మనకు మరింత ఎందుకంటే మనం ఉన్నది శంషాబాద్‌లో. ఒక ఆదివారం లోడు పెట్టకుండా, అవుట్‌పుట్‌కు మూరెడు తీగ వేలాడుతుండగా, పెట్టె ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ వోల్టేజి అడిగి నడుపుతున్నాం. గేటు దగ్గర వాచ్‌మన్ తాత రేడియో ఒక్కసారిగా మూగబోయింది. పాట ఆగిపోయిందని ఆయన బ్యాటరీలు తీసి నాలుకకు తాకించి చూసుకుంటున్నాడు. మేం పెట్టింది 30.4 మెగాహెర్ట్జ్. శక్తికి మించి అడిగితే తరంగం శిఖరాలు చదునవుతాయి, చదునైన తరంగంలో మూడు రెట్ల వేగపు ముక్క పుడుతుంది. 30.4కు మూడు రెట్లు 91.2. తాత వింటున్న ఎఫ్‌ఎం స్టేషను సరిగ్గా ఆ పక్కనే ఉంది.

నవ్వుకున్నాం. తరువాత లెక్క వేసుకుని నవ్వు ఆపుకున్నాం. 2008 మార్చి 23 నుంచి మన నెత్తి మీదుగా దిగుతున్న విమానాలు 4,260 మీటర్ల రన్‌వేకి దారి చూసుకునేది రేడియోతోనే. రన్‌వే నడిగీత చూపే లోకలైజరు 108 నుంచి 112 మెగాహెర్ట్జ్ మధ్య, పైలట్ల మాటలు 118 నుంచి 137 మధ్య. ఆపదలో పిలిచే పౌనఃపున్యం 121.5. మా పెట్టెను 40.5 దగ్గర పెడితే మూడు రెట్లు అదే. విమానాల సంభాషణ ఏఎం పద్ధతిలో సాగుతుంది, ఇంకో తరంగం పక్కన పడితే చెవిలో ఈలగా వినిపిస్తుంది. మూరెడు తీగతో అంత దూరం పోతుందా అంటే పోకపోవచ్చు. కానీ ఎవరైనా దీనికి ఒక యాంప్లిఫయరు, డాబా మీద ఒక ఏంటెనా కలిపితే పోతుంది. అనుమతి లేని ప్రసారం 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నుంచి 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం దాకా నేరమే. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ విమానంలో గల్ఫ్ నుంచి వచ్చే మన ఇంటివాళ్లే ఉంటారు.

కాబట్టి ఆ రోజు నుంచి నియమం. అవుట్‌పుట్‌కు లోడు లేకుండా స్విచ్ వేయకూడదు. రెండు 100 ఓముల కార్బన్ రెసిస్టర్లు పక్కపక్కన కలిపితే 50 ఓములవుతాయి. 50 ఓముల మీద 10 వోల్టులంటే పావు వాటు, ఒక్కోదానికి అందులో సగం పడుతుంది. రెండు రూపాయల సామాను, బిస్కెట్ డబ్బాలో బిగించాం. ప్రసారం మీద నిజంగా మనసుంటే దానికి రాజమార్గం ఉంది. హామ్ లైసెన్సు పరీక్ష రాయవచ్చు. హైదరాబాద్‌లోనే 1983లో పెట్టిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. మాలో ఒకడు ఆ పరీక్షకు చదువుతున్నాడు.

ఏంటెనా లేకుండానే విమానాశ్రయాన్ని బల్ల మీదికి తెచ్చుకోవచ్చని మాకు తరువాత తట్టింది. లోకలైజరు తన తరంగం మీద 90, 150 హెర్ట్జ్‌ల రెండు స్వరాలు మోస్తుంది. దిగే విమానం నడిగీతకు ఎడమన ఉంటే 90 ఎక్కువగా, కుడిన ఉంటే 150 ఎక్కువగా అందుతుంది. రెండూ సమానమైతే ముల్లు మధ్యన నిలుస్తుంది. మన పెట్టెకు రెండు ఛానెళ్లున్నాయి. ఒకదానిలో 90, ఇంకోదానిలో 150 పెట్టి, రెండు రెసిస్టర్లతో కలిపి స్కోపులో చూశాం. ఒకటి పెంచుతుంటే విమానం గీత తప్పుతున్నట్టే. రాత్రి డాబా మీద పడుకుని విమానాల లైట్లు లెక్కపెట్టే పిల్లలు ఆ రోజు అన్నం గంట కొట్టినా లేవలేదు.

ఐదువేల ఎకరాలకు పైగా భూమి మీద లేచిన ఆ విమానాశ్రయంలో మన ఇళ్ల నుంచి ఎవరెవరు పనిచేస్తున్నారు? ట్రాలీలు తోసేవాళ్లు, నేల తుడిచేవాళ్లు, సామాను ఎక్కించేవాళ్లు. ఆ పనులు తక్కువవని అనడం లేదు, మా నాన్నలు కొందరు అవే చేసి మమ్మల్ని చదివించారు. కానీ అక్కడే విమానాలు బాగుచేసే హ్యాంగర్లు ఉన్నాయి. ఏవియానిక్స్ పనికి డీజీసీఏ ఇచ్చే బీ2 లైసెన్సు ఉంది. రేడియో పరికరాన్ని బల్ల మీద పెట్టి సిగ్నల్ జనరేటరుతో పరీక్షించడం ఆ పనిలో భాగం. ఆ గుమ్మం దగ్గరికి పోయినప్పుడు మన పిల్లవాడు నాబు ముట్టుకోవడానికి ఎవరి ముఖమో చూడకూడదు.

వారంటీ పోయింది, ఒప్పుకుంటున్నాం. పన్నెండు వందలు అదనంగా ఖర్చయింది, అదీ మేమే పెట్టుకున్నాం. ఒకసారి ఫ్యూజు పోయి చదువుకునే పిల్లలు గంటసేపు చీకట్లో ఉన్నారు, దానికి ఆ పిల్లలకు క్షమాపణ చెప్పాం. ఈ ఏడు కమిటీ టీవీ గురించి మళ్లీ మాట్లాడుతుందని విన్నాం. టీవీ కొనండి, మేం అడ్డుపడం. కానీ దానితో పాటు ఒక సోల్డరింగ్ స్టేషను, రెండు మల్టీమీటర్లు కొని, తాళం లేని బల్ల మీద పెట్టమని అడుగుతున్నాం. విరిగితే డబ్బు అడగమని రాతపూర్వకంగా ఇవ్వమని కూడా అడుగుతున్నాం.

పెట్టె మీద కంపెనీ అంటించిన కాగితం పక్కనే ఇప్పుడు మన పిల్లలు రాసిన కాగితం ఉంది. ఎంత వేగం దగ్గర, 50 ఓముల మీద, ఎన్ని వోల్టులు వచ్చాయో, ఏ తేదీన ఎవరు కొలిచారో అందులో వరుసగా ఉంటుంది. 60 మెగాహెర్ట్జ్ ఎదుట గడి మాత్రం ఖాళీగా ఉంది. మా స్కోపుతో ఆ అంకెను నమ్మి రాయలేం. 300 మెగాహెర్ట్జ్‌కు తగ్గని స్కోపు ఉన్న ల్యాబులో పనిచేసే పూర్వ విద్యార్థులెవరైనా ఉంటే, దాన్ని ఒక ఆదివారం తీసుకురాగలిగితే, లేదా ఈ పెట్టెనే అక్కడికి తెమ్మంటే, ఉదయం పది నుంచి మేం స్టడీ హాల్లోనే ఉంటాం.